కొలువులో కదలెడు బొమ్మలు

మన తెలుగునాట బొమ్మల కొలువు తీర్చు ఆచారము కొన్ని సీమలలో సంక్రాంతికిని, కొన్ని సీమలలో దసరాకును కలదు. మెట్లు కట్టి, తెల్లని వస్త్రము పఱచి, అమ్మమ్మల నాటి బొమ్మలను అటకమీదినుండి దింపి తుడిచి నిలుపునప్పుడు కలిగెడి సంతోషమును సోదరీమణులకు నేను వర్ణించి చెప్పనక్కఱలేదు. అయితే ఈ కాలపు పిల్లలకు బొమ్మ నిలిచియుండిన చాలదు, అది కదలవలెను. గొల్లభామ చల్ల చిలుకవలెను, ఏనుగు తల యూపవలెను, ద్వారపాలకుడు వచ్చినవారికి చేయి యెత్తి మ్రొక్కవలెను. ఇది క్రొత్తగా పుట్టిన కోరిక కాదు. 11వ శతాబ్దమున ధారానగర మేలిన భోజరాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారమున యంత్రములను గూర్చి ఒక యధ్యాయమే కలదు. మా తండ్రిగారి యొద్ద చదువుకొన్న దినములలో ఆ మాట విని, యంత్రపు బొమ్మ లెట్లుండునో యని నే నూహించుకొనుచుంటిని. ఇప్పుడు మా యింటిలోనే పదునాలుగేండ్ల మా యమ్మాయి చేతిమీదుగా వానిని కన్నులార చూచుచున్నాను.

ఈ బొమ్మలను కదలించునది సర్వో మోటారు. మా యింట వాడునది ఎస్‌జీ 90 అను చిన్నరకము. దాని బరువు 9 గ్రాములు. అగ్గిపెట్టె కంటె చిన్నదైన ఆ పెట్టెలో ఒక మోటారును, పండ్లచక్రములును, ఇరుసు ఎంత తిరిగినదో కనిపెట్టెడు సాధనమును ఇమిడియుండును. ఇది పంకావలె గిరగిర తిరుగదు. కవ్వమువలె సుమారు అర్ధచక్రము ముందునకు పోయి మరల వెనుకకు వచ్చును. కావుననే మా గొల్లభామకు ఇది చక్కగా కుదిరినది. దీనికి మూడు తీగెలు. గోధుమవన్నెది నేల తీగె, ఎఱ్ఱనిది విద్యుత్తు తెచ్చునది, నారింజవన్నెది ఆజ్ఞ తెచ్చునది. సెకనుకు 50 మారులు ఆ మూడవ తీగెలో చిన్న సంకేతము వచ్చుచుండును. అది ఒక మిల్లీసెకను కాలముండిన ఒక కొసకును, రెండు మిల్లీసెకనులుండిన రెండవ కొసకును ఇరుసు తిరుగును. ఆ సంకేతమును పంపునది 2005లో ఇటలీ దేశపు ఇవ్రియా పట్టణమున పుట్టిన ఆర్డుయినో యను చిన్నపలక. దానికి ఏమి చేయవలయునో కంప్యూటరులో వ్రాసి, యూఎస్‌బీ తీగెద్వారా అందించుదురు.

బొమ్మలకు కొండపల్లివారు వాడెడి తెల్లపొణికి కఱ్ఱవంటి తేలిక కఱ్ఱ మిక్కిలి అనుకూలము. ఈ చిన్నమోటారు ఇరుసునుండి ఒక సెంటీమీటరు దూరమున 1.8 కిలోగ్రాముల బరువును నిలుపగలదని చెప్పుదురు. వినుట కిది గొప్పగా నుండును గాని, చేయి పొడవు 10 సెంటీమీటరులైనచో మిగులునది 180 గ్రాముల శక్తియే. అమ్మమ్మల నాటి బొమ్మలను కోసి లోపల మోటారు పెట్టుటకు నేను ఒప్పుకొనలేదు. అవి తమ మెట్లమీద కదలక మెదలక కూర్చుండును. కదలునవి వేఱుగా చేయించినవే.

ఇక అసలు సంగతి. ఒక్క బొమ్మ యాడినంతకాలము ఏ బాధయు లేకుండెను. రెండు బొమ్మలైనప్పుడును బాగుగనే యుండెను. అయిదు బొమ్మలను కలిపిననాడు మాత్రము కొలువంతయు జ్వరము తగిలినదానివలె వణకసాగెను. గొల్లభామ కవ్వము సగములో ఆగును; ఏనుగు తలయూపుటకు మారుగా తొండము చివర అదరును; ఇంతలో అన్నియు ఒక్కసారి నిలిచి మొదటినుండి మరల ఆరంభించును. పిల్ల తాను వ్రాసిన వ్రాతలోనే తప్పున్నదని తలచి, రాత్రి పదిగంటల వఱకు కూర్చుండి అక్షరమక్షరమును దిద్దుచు వచ్చెను. పదునైదు దినములు ఇట్లు గడచెను. మా బంధువులలో పెద్దవారొకరు ఇది చూచి, ‘‘ఆడపిల్లకు ఈ తీగెల పని యెందుకమ్మా, వచ్చినంతవఱకు చాలును’’ అని మెత్తగా ననిరి. మెత్తనిమాటయే లోతుగా దిగును. ఆ రాత్రి పిల్ల నాతో, ‘‘అమ్మా, నాకీ విద్య రాదేమో. ఇంటరులో లెక్కలు మాని వేఱేదైన తీసికొందును’’ అనెను.

ఆ మాటతో నాకు బొమ్మల సంగతి పోయి పిల్ల సంగతి ముఖ్యమైనది. నాకు విద్యుత్తును గూర్చి పాఠము చెప్పినవారు లేరు. అయినను వంటయింటి లెక్క ఒకటి తెలియును. నలుగురికి వండిన అన్నము నలుగురికి చాలి, పదుగురు కూర్చున్నప్పుడు చాలకపోయినచో, దోషము వంటలో నున్నదా, కొలతలో నున్నదా? తప్పు వ్రాతలోనే యుండినయెడల ఆ తప్పు ఒక్కొక్క బొమ్మను విడిగా ఆడించునప్పుడును కనబడవలెను గదా! విడిగా ఆడించినచో అయిదును చక్కగా ఆడుచున్నవి. కలిసి బయలుదేరునప్పుడే వణకుచున్నవి. ఈ మాట మావారితో చెప్పగా వారు బడిలో లెక్కల మాస్టరు గనుక వెంటనే మల్టీమీటరు తెచ్చి ఎఱ్ఱ తీగెకును నేల తీగెకును ముట్టించి చూచిరి. బొమ్మలు నిలిచియున్నప్పుడు 5 వోల్టులు. అయిదును ఒక్కసారి కదలగానే ముల్లు లేని ఆ యంత్రపు అంకెలు 4కు దిగి, మరల పైకి లేచెను. అంతకంటె లోతుగా, అంతకంటె త్వరగా దిగిన క్షణము లుండును. అంత నెమ్మదిగా చదివెడి మీటరు వానిని పట్టలేదు.

కారణము చెప్పెదను. వోల్టేజి యనునది మేడమీది తొట్టినుండి కుళాయికి వచ్చు నీటి ఒత్తిడివంటిది. ప్రవాహము, అనగా ఆంపియరులు, వచ్చెడి నీటి పరిమాణము. ఒక్క కుళాయి విప్పినప్పుడు ధార బాగుగా పడును. ఇంటిలోని కుళాయిలన్నియు విప్పినచో గొట్టము సన్ననిదైన ప్రతిధారయు చిక్కిపోవును. కంప్యూటరు యూఎస్‌బీ ద్వారా ఆర్డుయినో పొందునది సాధారణముగా 500 మిల్లీ ఆంపియరులు, అనగా అర ఆంపియరు. ఎస్‌జీ 90 మోటారు నెమ్మదిగా కదలునప్పుడు కొంచెమే త్రాగును గాని, కదలక అడ్డుపడినప్పుడును, నిలుకడనుండి బయలుదేరు క్షణమునందును ఒక్కొక్కటి 650 మిల్లీ ఆంపియరుల దాపున కోరును. కవ్వమువలె వెళ్లుచు వెళ్లుచు దిక్కు మార్చుకొనునప్పుడు కోరిక మఱింత. అయిదింటికి మూడు ఆంపియరులకు పైబడును. మన యొద్ద నున్నది అర ఆంపియరు! పైగా ఆజ్ఞ లిచ్చెడి పలకయు ఆ తీగెమీదనే బ్రదుకుచున్నది. ఒత్తిడి పడిపోగానే దానికి స్మృతి తప్పును. తేఱుకొని మొదటినుండి ఆరంభించును. ఆరంభింపగానే అయిదు బొమ్మలను ఒక్కసారి లేపును. మరల స్మృతి తప్పును. పిల్ల వ్రాత నిర్దోషమైనది. ఆకొన్నవానిని పరుగెత్తుమని, పడిపోయినందుకు కోపించినట్లయినది ఇన్నాళ్లును.

విద్యుత్తు ఎక్కడినుండి తేవలయును? మా యింట మూలబడిన పాత కంప్యూటరొకటి కలదు. దాని ముఖ్యమైన పలక చెడిపోయినను, విద్యుత్తు నిచ్చెడి ఇనుపపెట్టె, అనగా పవర్ సప్లై, బాగుగనే యుండెను. ఈ పెట్టెలకు ఏటీఎక్స్ అను పద్ధతి 1995లో ఏర్పడినది. ఆ పద్ధతిలో తీగెల రంగులు ఏ కంపెనీ పెట్టెకైనను సామాన్యముగా ఒక్కటియే: నలుపు నేల, ఎఱుపు 5 వోల్టులు, పసుపు 12 వోల్టులు, నారింజ 3.3 వోల్టులు. మన చిన్నమోటారులకు కావలసినది ఎఱుపు. పసుపు తీగె తగిలినచో మోటారు క్షణములో మాడును. కావున పసుపును, నారింజను, మిగిలినవానిని ఒక్కొక్కటిగా కొసలు చుట్టి కట్టివేయవలెను. పెట్టె ప్రక్కన అంటించిన కాగితముపై 5 వోల్టుల క్రింద ఎన్ని ఆంపియరులో వ్రాసియుండును. మా దానిపై 15 అని యున్నది. పిల్ల అది చదివి ‘‘అమ్మా, మూడింటికి పదునైదు!’’ అని ఎగిరి గంతు వేసెను.

పెట్టెకు తీగె తగిలించి గోడ స్విచ్చి నొక్కినంత మాత్రమున అది మేలుకొనదు. కంప్యూటరు పలక ‘లెమ్ము’ అని చెప్పవలెను. ఆ చెప్పుట యనగా, పెద్ద కొక్కెములోని ఒకే ఒక ఆకుపచ్చ తీగెను నల్లతీగెతో కలుపుట. ఈ రెంటి నడుమ చిన్న స్విచ్చి పెట్టుకొనిన చాలును. అందులో ప్రవహించునది స్వల్పము గనుక భయములేదు. ఊదావన్నె తీగెలో మాత్రము గోడ స్విచ్చి వేసినది మొదలు 5 వోల్టులుండును. ‘పెట్టె నిద్రించుచున్నది గదా’ యని దానిని ఊరక వ్రేలాడనీయరాదు. పాతకాలపు పెట్టెలలో మఱొక గుణము కలదు. ఏమియు బరువు లేనియెడల అవి లేచినట్లే లేచి ఆగిపోవును, లేదా సరియైన వోల్టేజి చూపవు. అట్టివానికి ఎఱుపు నలుపుల నడుమ 10 ఓములు, 10 వాట్ల నిరోధకము నొకదానిని కట్టుదురు. అది అర ఆంపియరు తినుచు ఎల్లప్పుడు వేడిగా నుండును. దానిని పలకమీద బిగించి గుడ్డకును కాగితపు పూలకును దూరముగా నుంచవలెను. తరువాత మీటరుతో చూచినచో 4.75కును 5.25కును నడుమ నుండవలెను. లేనిచో ఆ పెట్టెను నమ్మరాదు. కాలిన వాసన వచ్చెడి పెట్టెను ఏ పొదుపు పేరనైనను ఇంటిలో వాడరాదు.

ఇక్కడ నేను కొంత గట్టిగా చెప్పవలసియున్నది. పొరుగింటి పిల్లవాడొకడు మరమేకుల త్రిప్పుడు తెచ్చి, ‘‘పిన్నీ, పెట్టె విప్పి లోపల నుండియే తీగెలు తీసికొందము’’ అనెను. మావారు వాని చేయి పట్టుకొని ఆపిరి. మన గోడలో వచ్చునది 230 వోల్టులు. అది పెట్టెలో ఏకముఖ ప్రవాహముగా మాఱి కెపాసిటరులో సుమారు 325 వోల్టులై నిలువయుండును. తీగె ఊడబెరికిన తరువాతను కొంతసేపు అది అట్లే యుండవచ్చును. ఆ పెట్టె మూతను విప్పనక్కఱ మనకు లేనేలేదు. కావలసిన తీగెలన్నియు బయటకే వచ్చియున్నవి. పెట్టె ఇనుపది గనుక మూడుకాళ్ల ప్లగ్గునే వాడి, ఎర్తు సరిగా నున్న గోడకే తగిలింపవలెను. మూడవకాలు విఱిచి రెండుకాళ్లతో పని గడపుకొను అలవాటు మన యిండ్లలో తఱచు చూచుచున్నాను. అది ప్రాణముతో చేసెడి పొదుపు.

5 వోల్టులు తాకినచో ఏమియు కాదని పిల్లలనెదరు. నిజమే, చేతికి ఏమియు కాదు. భయము వేఱొకచోట నున్నది. యూఎస్‌బీ తీగె చాలనప్పుడు బొమ్మ వణకి ఊరకుండెను. ఈ పెట్టె అట్లు ఊరకుండదు. సన్ననితీగె రెండుకొసలు పొరపాటున కలిసినచో, అది ఇంకొక బరువేమో యనుకొని పెట్టె పది పండ్రెండు ఆంపియరులైనను నిర్మొగమాటముగా పంపుచునే యుండును. దాని లెక్కలో పదునైదు వఱకు సహజమే గదా! ఆ తీగె ఇస్త్రీపెట్టెలోని తీగెవలె ఎఱ్ఱనగును. కొలువులో పట్టుగుడ్డ, దూది, కాగితపు తోరణములు, ప్రక్కనే దీపము. కనుక మేము ఒక్కొక్క మెట్టునకు విడిగా ఎఱ్ఱతీగె తీసి, మొదటనే 2 ఆంపియరుల గాజు ఫ్యూజు నొకదానిని బిగించితిమి. మెట్టుకు రెండు మూడు బొమ్మలకు మించి లేవు. ఒకనాడు పిల్లి త్రొక్కి తీగెలు కలిసినప్పుడు ఫ్యూజు పోయినది, అంతే. మిగిలిన మెట్ల బొమ్మ లాడుచునే యుండెను. పెట్టె తనంతట తాను ఆగిపోయిన సందర్భము వచ్చినయెడల, దోషము తొలగించి, గోడ స్విచ్చి ఆర్పి, కొంచెము సేపాగి మరల వేయవలెను.

ఎఱ్ఱతీగెలను గూర్చి ఒక ముఖ్యమైన మాట. పలక యూఎస్‌బీ మీద బ్రదుకుచున్నంతకాలము దాని 5 వోల్టుల తీగెను పెట్టె ఎఱ్ఱతీగెతో కలుపరాదు. నల్లతీగెను మాత్రము తప్పక కలుపవలెను. ఆజ్ఞ ఒకచోటినుండియు విద్యుత్తు వేఱొకచోటినుండియు వచ్చునప్పుడు, రెంటికిని నేల ఒక్కటి కాకున్నచో ఆజ్ఞ ఎంత ఎత్తున నున్నదో మోటారునకు తెలియదు, పిచ్చిగా తిరుగును. ‘పెద్ద పెట్టె పెట్టినను బాగుపడలేదు’ అనువారి యిండ్లలో సాధారణముగా లోపించినది ఈ నల్లతీగెయే.

తీగె లావును గూర్చి మావారు పిల్లచేత లెక్క కట్టించిరి. పిల్లలు వాడెడి 22 గేజి సన్నతీగె మీటరునకు సుమారు 0.053 ఓము నిరోధము కలది. మెట్లు రెండు మీటరుల దూరమున నున్నచో పోవుటకు రెండు, వచ్చుటకు రెండు, మొత్తము నాలుగు మీటరులు, అనగా 0.21 ఓము. మూడు ఆంపియరులు పాఱినప్పుడు దారిలోనే 0.6 వోల్టునకు పైగా పోవును. పెట్టె 5 ఇచ్చినను బొమ్మకు చేరునది 4.4! ఇంటి దీపములకు వాడెడి ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగెను వేసినచో పోవునది 0.2 వోల్టే. కావున పెట్టెనుండి మెట్టు వఱకు లావుతీగె, మెట్టునుండి బొమ్మకు సన్నతీగె. రంధ్రముల పలకలో తీగెలు గ్రుచ్చి ఇంత ప్రవాహమును నడపుట మంచిది కాదు. మరమేకులతో బిగించెడి కొక్కెములు మేలు. ప్రతి మెట్టు చివరను 1000 మైక్రోఫారడుల కెపాసిటరు నొకదానిని ఎఱుపు నలుపుల నడుమ ఉంచితిమి. ఇది పెరటి గాబువంటిది. అందఱును ఒక్కసారి చెంబు ముంచినప్పుడు కుళాయివచ్చువఱకు ఆదుకొనును. దీనికి గీత గల కాలు నలుపునకే తగులవలెను, తాఱుమాఱైనచో ప్రేలును.

తరువాత పిల్ల తన వ్రాతలో ఒక్క మార్పు చేసెను. అయిదు బొమ్మలను ఒక్క క్షణమున లేపక, పంక్తిలో వడ్డించినట్లు ఒకదాని వెనుక నొకదానిని కొంచెము ఎడముగా లేపినది. ఇది ఆమెకు తోచిన యుపాయమే, ఎవరును చెప్పలేదు. గొల్లభామ మోచేయి దుత్తకు తగిలి అడ్డుపడుచుండగా మోటారు మూలుగుచు వేడెక్కుట కూడ ఆమెయే కనిపెట్టి, కొస వఱకు పోకుండ ఆజ్ఞను తగ్గించెను. ఎంత విద్యుత్తున్నను, అడ్డుపడిన మోటారు దానిని వేడిగా మార్చుకొని తన్ను తానే కాల్చుకొనును.

ఒకటి రెండు బొమ్మలకొఱకై ఈ శ్రమ యంతయు నక్కఱలేదని నా యభిప్రాయము. 5 వోల్టులు, 2 ఆంపియరుల మంచి అడాప్టరు చాలును. అది చప్పుడు చేయదు, చోటు తినదు. ఈ పెట్టెలోని పంకా హోరు పేరంటపు పాటలకు కొంత అడ్డమే. చప్పుడు వినరాకుండునట్లు దుప్పటి కప్పుదమని మా యత్తగారనిరి గాని గాలిరంధ్రములు మూయుట కూడదు. కడపటి మెట్టు వెనుక గోడకు జానెడు దూరముగా ఉంచితిమి.

సంక్రాంతి మూడు దినములును బొమ్మలు ఒక్కమారైనను వణకలేదు. ఆ పెద్దవారును వచ్చి చూచి, ద్వారపాలకుడు మ్రొక్కగా తాము కూడ అప్రయత్నముగా చేయి యెత్తి, చుట్టును చూచి నవ్విరి. ఇంటరు మాట పిల్ల మరల నా యొద్ద ఎత్తలేదు. లెక్కల పుస్తకము మాత్రము ఆమె దిండు క్రిందనే యున్నది.

ఇప్పుడామెకు తాడిచెట్టెక్కు గీతగాని బొమ్మ చేయవలెనని కోరిక పుట్టినది. వానిని పైకి లాగుటకు చిన్నమోటారు చాలదు. 55 గ్రాముల ఎంజీ 996 ఆర్ అనునది కావలెను. అది అడ్డుపడినప్పుడు ఒక్కటియే రెండున్నర ఆంపియరుల దాపున కోరును. దానికొఱకు వేఱొక లావుతీగెయు, వేఱొక ఫ్యూజును ఏర్పఱుపవలెనని కాగితముపై చిత్రము గీచి నిన్న గోడకు అంటించినది. తాడిచెట్టు ఎంత ఎత్తుండవలెనో తండ్రీకూతుళ్లకు ఇంకను ఒప్పందము కుదురలేదు.